నాలుగు పడతాయి టీచర్

12 నవంబరు 2017, ఆదివారం

రాజాం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకుండానే ఇది రాస్తున్నాను. ఎవరితోనైనా అంటే గొడవవుతుంది.

డిప్లొమా ఇక అయిపోయినట్టే అనుకున్నాను. ఆదివారాలన్నీ రాజాం క్లాసులకీ ఆ బస్సులకే ధారపోశాను. ఇప్పుడు మా గైడు కూర్మారావు గారు కొత్త మెలిక పెట్టారు. రికార్డు పుస్తకం వద్దట, ఒక్కొక్కరూ డిజిటల్ పోర్ట్‌ఫోలియో తయారు చేయాలట. ఇంటర్నెట్‌లో మన పేరున ఒక సైటు తెరిచి, మనం పాఠం ఎలా చెబుతామో, ఎందుకలా చెబుతామో, దానివల్ల పిల్లలకు ఏం వచ్చిందో రాసి, ఫోటోలూ వీడియోలూ పెట్టాలి. వైవా దాని మీదే.

"టీచరుకి ఒక అకడమిక్ గొంతు ఉండాలమ్మా సత్యవతీ, అది అందులో వినబడాలి" అన్నారు.

ఇన్నేళ్ళుగా హైస్కూల్లో లెక్కలు అరిచి అరిచి ఉన్న గొంతే పోయింది. కొత్తది ఎక్కడ కొనాలో చెప్పలేదు.

అయినా నోరు మూసుకుని సరేనన్నాను. ఈ డిప్లొమా ఉంటే డైట్ కాలేజీలో డిప్యుటేషన్‌కి పేరు పంపుతారు. కాబోయే టీచర్లకు పాఠం ఎలా చెప్పాలో నేర్పే పని. శ్రీకూర్మం దాటి ఆ ఇసుక రోడ్డు మీద రోజూ షేర్ ఆటోలో వేలాడే బాధ తప్పుతుంది. ఒక కుర్చీ, ఒక ఫ్యాను, చెబితే వినే పెద్ద పిల్లలు. నాకింకేమీ వద్దు.

14 నవంబరు

'నా బోధనా తత్వం' అని పేజీ పేరు పెట్టాను. కింద ఏమీ రాయలేదు. నాకు తత్వం ఎక్కడిది, సిలబస్ ఉంది.

16 నవంబరు

తత్వం అయిపోయింది. మా స్కూల్లో సైన్సు చెప్పే కుమారి, వాళ్ళ తమ్ముడు బీఎడ్‌లో రాసుకున్న ఫైలు పంపింది. అందులోంచి ఎత్తి కొంచెం అటూ ఇటూ మార్చాను. "విద్యార్థి కేంద్రిత బోధన ద్వారా అభ్యసనమును ఆనందదాయకమొనర్చుట పరిశోధకురాలి ధ్యేయము." చదివితే గంభీరంగానే ఉంది. ఆ పరిశోధకురాలు ఎవరో నాకు పరిచయం లేదు గాని, మంచి మనిషిలాగే ఉంది.

19 నవంబరు, ఆదివారం

పరువు పోయింది.

కూర్మారావు గారు తెర మీద నా పేజీ వేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈ ధ్యేయము ఈ బ్యాచిలో అందరికీ ఉన్నట్టుంది" అన్నారు. తర్వాత మరొకరి పేజీ వేశారు. అదే వాక్యం. ఇంకొకరిది. అదే వాక్యం, ఒక అచ్చుతప్పుతో సహా. కుమారి తమ్ముడి ఫైలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ తిరిగొచ్చినట్టుంది. అందరం నేల చూపులు చూశాం.

అక్కడితో వదిలారా అంటే లేదు. ఇకనుంచి ప్రతి ఒక్కరూ తమ తరగతి వీడియో పెట్టి, దాని మీదే రాయాలి అన్నారు. మరొకరి వీడియో పెట్టలేరు కదా అని ఆయన ధీమా.

22 నవంబరు

హెచ్చెమ్ జగన్నాధం గారి దగ్గర వీడియోకి అనుమతి అడిగాను.

"ఈడియో ఏటమ్మా మళ్ళీ? ఎవులైనా వాట్సాప్‌లో తిప్పీసినారంటే నా పింఛను మీదకొస్తాది. ఇంకో యేడాదిలో రిటైరైపోతాను, నన్ను పోనీరా మీరు?"

పాఠం మాత్రమే తీస్తాం, పిల్లలు శుభ్రంగా ఉంటారు, స్కూలు పేరు బాగుంటుంది అని నచ్చజెప్పేసరికి లీజర్ పీరియడ్ అయిపోయింది. చివరికి, "గోడకి రంగున్న గదిలో తియ్యండి" అన్నారు. రంగున్న గది ఒక్కటే ఉంది, ఆయనది.

28 నవంబరు

వీడియో అయిపోయింది. కుమారి ఫోనుతో తీసింది. ఎనిమిదో తరగతి, వైశాల్యం పాఠం. చాలా బాగా వచ్చింది. పిల్లలు చకచకా జవాబులు చెప్పారు, చప్పట్లు కొట్టారు, ఎక్కడా గోల లేదు. నిజం చెప్పాలంటే నేను ఇంత బాగా చెబుతానని నాకే తెలియదు. ఇకనైనా ఆ కూర్మారావు గారు ఊరుకుంటారు.

29 నవంబరు

వీడియో సైటులోకి ఎక్కడం లేదు.

30 నవంబరు

సగం ఎక్కి ఆగిపోయింది. మేడ మీదికెళ్ళి ఫోను పైకి పట్టుకున్నా అంతే.

1 డిసెంబరు

ఎక్కింది. వంటింట్లో పని చేసుకుంటూ ఒకసారి గట్టిగా పెట్టుకుని విన్నాను. మా ఆయన గోవింద్ సబ్‌స్టేషన్ డ్యూటీ దిగి అప్పుడే వచ్చారు. గుమ్మంలోనే ఆగి, "ఎవులే ఆవిడ? టీవీలో వార్తలు సదివినట్టు మాటాడతంది" అన్నారు.

"నేనే."

"నువ్వా? మీయమ్మతో ఫోన్లో మాటాడినప్పుడు ఇలగుండవు కదే."

తరగతిలో తరగతి భాష మాట్లాడతాం, ఇంట్లో ఇంటి భాష మాట్లాడతాం, మీరు కరెంటు స్తంభాలతో ఎలా మాట్లాడతారో నాకేం తెలుసు అన్నాను. అన్నం పెట్టాను గాని కూర రెండోసారి వడ్డించలేదు.

3 డిసెంబరు, ఆదివారం

ఊరుకోలేదు. వీడియోలో ఎవరు ఏమన్నారో ఒక్క మాటా వదలకుండా రాసి పేజీలో పెట్టాలట. "శబ్దం కూడా డేటానే" అట. బస్సులో కిటికీ పక్కన కూర్చుని రాజాం నుంచి శ్రీకాకుళం దాకా ఆయన్ని తిట్టుకుంటూనే వచ్చాను.

6 డిసెంబరు

రాస్తున్నాను. టీచర్: టీచర్: టీచర్: టీచర్: పేజీ నిండా నేనే. మధ్యలో ఎక్కడో 'పిల్లలు: అవును టీచర్'. విద్యార్థి కేంద్రిత బోధన.

ఒకచోట వెనక బెంచీలోంచి తులసి ఏదో అంటుంది. వినబడటం లేదు. 'శబ్దం స్పష్టంగా లేదు' అని రాశాను. కుమారి ఫోను మంచిది కాదు.

7 డిసెంబరు

గోవింద్ చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ ఇచ్చారు. దాంతో విన్నాను. శబ్దం స్పష్టంగానే ఉంది.

ఇదీ జరిగింది. బోర్డు మీద ఒక దీర్ఘచతురస్రం గీసి, పొడవూ వెడల్పూ రెండూ రెట్టింపు చేస్తే వైశాల్యం ఎంత అవుతుందని అడిగాను. అందరూ 'రెట్టింపు' అన్నారు. కాదు, ఆలోచించండి అన్నాను. అప్పుడు తులసి లేచింది.

తులసి: నాను సెప్తాను టీచర్.

టీచర్: 'సెప్తాను' కాదు. చెప్తాను. ఆ, చెప్పు.

తులసి: నాలుగు పడతాయి టీచర్. పెద్దదాన్లోన అలాటియి నాలుగు పడతాయి.

టీచర్: పడతాయా? ఏం పడతాయి, వడగళ్ళా?

(అందరూ నవ్వారు.)

టీచర్: పుస్తకంలో మాట చెప్పడం రాకపోతే కూర్చో. రమేష్‌బాబూ, నువ్వు చెప్పు.

రమేష్‌బాబు: నాలుగు రెట్లు టీచర్.

టీచర్: వెరీ గుడ్. క్లాప్స్.

ఆ రోజు బాగా వచ్చింది అనుకున్న చప్పట్లు ఇవే.

8 డిసెంబరు

ఒక సంగతి ఒప్పుకోవాలి. పరీక్షలో 'పడతాయి' అని రాస్తే మార్కులెవరిస్తారు? నేను దిద్దకపోతే ఇంకెవరు దిద్దుతారు? విశాఖపట్నం హాస్టల్లో నేను 'ఏటి' అన్నప్పుడల్లా గది గదంతా నవ్వేది. అలా వీళ్ళని చూసి ఎవరూ నవ్వకూడదనే కదా నా తాపత్రయం.

నవ్వించింది నేనే అనుకో. అది వేరే సంగతి. సరదాకి అన్నాను.

పిల్ల కూడా ఏమీ అనుకుని ఉండదు.

11 డిసెంబరు

తరగతిలో తులసిని లేపి భిన్నాల లెక్క అడిగాను. "తెలీదు టీచర్." తేలికది అడిగాను. "తెలీదు టీచర్." తెలీదు అనేది మాత్రం పుస్తకంలో ఉన్నంత శుభ్రంగా అంది.

స్టాఫ్ రూములో కుమారిని అడిగితే, "మా క్లాసులో బాగానే మాటాడతాదే. నోరు ముయ్యమనాలి దాన్ని" అంది.

18 డిసెంబరు

తులసి రాలేదు. శుక్రవారం కూడా రాలేదట.

20 డిసెంబరు

ఈరోజూ రాలేదు. సాయంత్రం ఆటో ఎక్కకుండా వాళ్ళింటికి వెళ్ళాను. ఒడ్డుకి దగ్గరగా, వలలు ఆరేసిన చోట. తులసి తల్లి మరిడమ్మ గంపలోంచి చేపలు తీసి ఉప్పు రాస్తోంది. లేవబోతుంటే వద్దన్నాను. తులసి లోపలే ఉంది, బయటికి రాలేదు.

"రొయ్యల ఫ్యాక్టరీకి పంపిద్దామనుకుంతన్నాం టీచరమ్మా. మా సెల్లి అక్కడే సేస్తాది. ఫ్యాక్టరీ యేన్ బండి వచ్చి తీసుకెల్తాది, మళ్ళీ దింపీస్తాది."

"దానికి పదమూడేళ్ళు. చదువు మాన్పిస్తావా?"

"నాను మాన్పించడమేటి? అదే సెప్పినాది. నాకు లెక్కలు రావంట, టీచరే సెప్పినారు అన్నాది. మీరు సెప్పినాక ఇంకేటుంది మరి?"

నేను అలా ఎప్పుడూ చెప్పలేదు అన్నాను. అబద్ధం కాదు. ఆ మాటలతో చెప్పలేదు. కొత్త సంవత్సరం నుంచైనా తప్పకుండా పంపమని చెప్పి వచ్చేశాను. ఆటో దొరకలేదు, శ్రీకూర్మం దాకా నడిచాను. కాళ్ళు లాగుతున్నాయి. ఎవరి మీదో ఒకరి మీద చాలా కోపంగా ఉంది.

27 డిసెంబరు

జగన్నాధం గారు నా సైటు చూశారు. కొడుకు కంప్యూటర్లో తెరిచి చూపించాడట.

"ఆ ఒడగళ్ళ ముక్క తీసియ్యమ్మా. మన స్కూల్లో పిల్లల్ని ఎక్కిరిస్తారని ఊరందరికీ సాటడమేటి? సప్పట్లు కాడ్నించి పెట్టు. బాగుంటాది."

కుమారి కూడా అదే అంది. ఫోనులోనే కత్తిరించి ఇచ్చింది. రమేష్‌బాబు లేవడం, జవాబు, చప్పట్లు. రాసిన దాంట్లోంచి కూడా ఆ భాగం తీసేశాను. ఎవరికీ నష్టం లేదు. వైవా దగ్గర పడుతోంది.

31 డిసెంబరు, ఆదివారం

కూర్మారావు గారు సంతోషించారు. "ఇదీ పద్ధతి" అని అందరికీ తెర మీద చూపించారు. అకడమిక్ గొంతు బాగా వినబడుతోందట. డైట్‌కి పంపే పేర్లలో నాది మొదట రాస్తానన్నారు.

ఇంతకాలం ఈయన మెచ్చుకోవడం లేదని ఏడ్చాను. ఈరోజు మెచ్చుకున్నారు. బస్సులో పక్కావిడ, ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

4 జనవరి 2018

కొత్త సంవత్సరం వచ్చింది. తులసి బెంచీ ఖాళీ.

5 జనవరి

ఖాళీ.

7 జనవరి, ఆదివారం

రాజాం వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని ఫోన్ చేశాను. పూర్తి వీడియో ఉన్న ఫోను పట్టుకుని మరిడమ్మ ఇంటికి వెళ్ళాను. గోవింద్ బండి మీద దింపి, దూరంగా నిలబడ్డారు.

తులసిని పిలవమన్నాను. వచ్చి తల్లి వెనక నిలబడింది. వీడియో పెట్టి ఫోను ఇద్దరి మధ్యా పట్టుకున్నాను. సముద్రం హోరులో సరిగ్గా వినబడదని తులసే ఫోను తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత తల్లి చెవి దగ్గర పెట్టింది. మళ్ళీ తన చెవికి.

మరిడమ్మకి లెక్క అర్థమైందో లేదో తెలియదు. వరస అర్థమైంది. "ఇది నాలుగు అన్నాది, ఆ గుంటడు నాలుగు అన్నాడు. ఆడికి సప్పట్లెందుకు?"

"తులసి చెప్పింది నేను వినలేదు మరిడమ్మా."

"అందరికీ ఇనబడింది కదా, అందుకే నవ్వినారు. మీకొక్కరికే ఇనబళ్ళేదా?"

తులసి వైపు తిరిగి చెప్పాను. నువ్వు చెప్పిందే సరైన జవాబు. అందరికంటే ముందు చెప్పావు. ఎందుకలా అవుతుందో కూడా చెప్పావు, రమేష్‌బాబు అది చెప్పలేదు. నేను నీ మాట పట్టుకుని నీ లెక్క వదిలేశాను, తప్పు నాది.

తులసి ఫోను వెనక్కిచ్చింది. ఏడవలేదు, నవ్వలేదు. కోపంగా ఉంది.

"నాను అప్పుడే సెప్పినాను కదా" అంది.

"అవును."

"ఇంటికొచ్చి గీసి సూసుకున్నాను కూడా. నాలుగే పడినాయి."

ఈ వీడియో మొత్తం నా సైటులో పెట్టి, నేనేం చేశానో రాయాలనుకుంటున్నాను, నీకూ మీ అమ్మకూ ఇష్టమైతేనే పెడతాను అన్నాను. తల్లి కూతురి మొహం చూసింది. తులసి కాసేపు ఆలోచించింది.

"రమేష్‌బాబు సూస్తాడా?"

"ఎవరైనా చూడొచ్చు."

"అయితే పెట్టండి."

9 జనవరి

తులసి వచ్చింది.

పరిశోధకురాలిని తీసేశాను. పేజీ మొత్తం చెరిపి మళ్ళీ రాశాను. ఎక్కడా తడుముకోలేదు, అదే విచిత్రం. రాసింది ఇక్కడ కూడా ఉంచుకుంటాను:

"ఈ వీడియోలో నేను ఎనిమిదో తరగతికి వైశాల్యం చెబుతున్నాను. ఒక విద్యార్థిని సరైన జవాబు తన ఇంటి మాటల్లో చెప్పింది. నేను ఆమె ఉచ్చారణ దిద్దాను, ఆమె మాటను ఎగతాళి చేశాను, కూర్చోబెట్టాను. అదే జవాబు పుస్తకం మాటలో చెప్పిన అబ్బాయికి చప్పట్లు కొట్టించాను. 'నాలుగు రెట్లు' అనేది ఫలితం. 'అలాంటివి నాలుగు పడతాయి' అనేది కారణం. నేను ఫలితాన్ని మెచ్చుకుని కారణాన్ని కూర్చోబెట్టాను. ఆ తర్వాత ఆమె నా తరగతిలో మాట్లాడటం మానేసింది, కొన్నాళ్ళకు బడికి రావడం మానేసింది. ఆమె భాష నా భాషే. మా అమ్మతో నేను ఇప్పటికీ అలాగే మాట్లాడతాను. తరగతి గుమ్మం దగ్గర దాన్ని నేను వదిలేసి వస్తున్నానని, పిల్లల్ని కూడా వదిలేసి రమ్మంటున్నానని ఈ వీడియో చూసేదాకా నాకు తెలియదు."

గోవింద్ చదివారు. "ఇది నువ్వే" అన్నారు, అంతే.

12 జనవరి

కూర్మారావు గారి ఫోను. పండగ పనుల్లో ఉండగా.

"ఏంటమ్మా ఇది? ఇది డైరీ రాసుకున్నట్టుంది గాని పరిశోధనలా లేదు. 'నేను, నేను' ఏమిటి? వైవా ముందు ఇలా చేస్తే నేనేం చెయ్యగలను? పాత పేజీ పెట్టెయ్యండి."

"పాత పేజీలో ఉన్నది జరగలేదండి."

"జరిగిందో లేదో ఎవరు చూశారు?"

"వీడియో ఉంది కదండి."

ఫోను పెట్టేశారు. జగన్నాధం గారు స్కూలు పేరు తీసెయ్యమన్నారు. తీసేశాను. పిల్లల మొహాలు కూడా మసకగా చేయించాను, అదీ ఆయన చెప్పిందే, ఆ మాట మాత్రం సరైనది. తులసికి అది నచ్చలేదు.

4 ఫిబ్రవరి, ఆదివారం

వైవా.

బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ విజయనగరం ఆవిడ, నెరిసిన జుట్టు, చేతిలో ఫ్లాస్కు. వీడియో మొత్తం చూశారు. వడగళ్ళ దగ్గర ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూశారు. కూర్మారావు గారు సీలింగు ఫ్యాను చూస్తున్నారు.

"'పరిశోధకురాలు' అని రాయడం ఆనవాయితీ కదా, 'నేను' అని ఎందుకు రాశారు?"

"ఆ గదిలో పరిశోధకురాలు ఎవరూ లేరండి. నేనే ఉన్నాను."

"ఒక్క పిల్ల విషయంలో జరిగిన దాన్నిబట్టి ఏం తేల్చగలం?"

నేను సిద్ధం చేసుకున్న జవాబు ఒకటుంది. ఇంగ్లీషు మాటలతో సహా బట్టీ పట్టాను. నోరు తెరిస్తే అది రాలేదు. "తేల్సడానికేటీ లేదండి. ఒక్క పిల్ల నోరు నాను మూసినాను. ఇంకెంతమందివి మూసీసినానో ఈడియో లేదు" అన్నాను. అనేశాక నాకే తెలిసింది ఎలా అన్నానో. గది బయట వంతు కోసం నిలబడ్డవాళ్ళు కూడా తొంగిచూశారు.

ఆవిడ నవ్వలేదు. ఏదో రాసుకుని, "వెళ్ళండి" అన్నారు.

20 ఫిబ్రవరి

ఫలితాలు. పాసయ్యాను, సెకండ్ క్లాసు. డైట్‌కి వేరే ఆయన పేరు పంపారు. ఆనందదాయకమొనర్చుట ఆయన పేజీలో ఇంకా ఉంది, చూశాను.

ఏడుపొచ్చింది. అబద్ధం ఎందుకు, ఆ కుర్చీ కావాలని చాలా అనుకున్నాను. అమ్మకి ఫోన్ చేసి చెబితే, "పోనీలే అమ్మడూ, ఎల్లినోడు ఎలగూ ఎల్లినాడు, నువ్వు తిన్నావా?" అంది. ఇంకా ఏడుపొచ్చింది.

23 ఫిబ్రవరి

బొబ్బిలి దగ్గర పనిచేసే ఎవరో టీచరు ఫోన్ చేశారు. ఎగ్జామినర్‌ గారు లింకు పంపారట. "మీ పేజీ సదివేనండి. నా క్లాసుది కూడా ఈడియో ఉన్నాది. ఒక్కసారి సూసి డిలీట్ కొట్టీసినాను" అన్నారు. మళ్ళీ తీయండి అన్నాను. తీస్తానన్నారు. నిజంగా తీస్తారో లేదో.

27 ఫిబ్రవరి

తల పగిలిపోతోంది.

ఆటో శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం వెళ్ళేటప్పుడు గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో, తిరిగొచ్చేటప్పుడు అరవై వేగంతో వస్తే, సగటు వేగం ఎంత? ఇదీ లెక్క. పది నిమిషాల్లో అయిపోవాలి. తులసి లేచి "యాభై" అంది. కాదన్నాను.

"ఎందుక్కాదు? రెండూ కలిపి సగం సేస్తే యాభయ్యే కదా టీచర్."

నెమ్మదిగా వెళ్ళినప్పుడు ఎక్కువసేపు పడుతుంది, ఆ నలభై వేగంలోనే ఎక్కువ టైం గడిచింది, కాబట్టి నలభై ఎనిమిదే వస్తుందని బోర్డు మీద చేసి చూపించాను. ఒప్పుకోలేదు. దూరం ఒక్కటే కదా, వెళ్ళిందీ అదే రోడ్డు, వచ్చిందీ అదే రోడ్డు, అలాంటప్పుడు టైము సంగతెందుకు అంటుంది. దాని వెనక సగం క్లాసు చేరింది. రమేష్‌బాబు నా పక్షం, ఇంకొకడు ఎటూ కాదు. మా ఆటో నలభై ఎక్కడ ఎల్తాది అని ఒకడు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఒక్కరు కూడా పుస్తకం మాట మాట్లాడటం లేదు. సిలబస్ రెండు పాఠాలు వెనకబడి ఉంది.

గోలకి జగన్నాధం గారు గుమ్మంలోకి వచ్చారు.

"ఏటి టీచర్ ఇది, సంతా?"

"లెక్కండి" అన్నాను.

గంట కొట్టేశారు. మిగతావాళ్ళు సంచులు సర్దుకుంటున్నారు. తులసి మాత్రం బోర్డు దగ్గరికి వచ్చి, నా చేతిలో సుద్దముక్క తీసుకుని, నేను వేసిన నలభై ఎనిమిదిని కొట్టేసి యాభై వేసింది. తప్పు. నూటికి నూరుపాళ్ళు తప్పు. ఆ మాటే చెప్పాను.

"అయితే ఎందుకో సెప్పండి, అప్పుడు కూకుంతాను" అంది.